ది హౌస్ విత్ ఎ క్లాక్ ఇన్ ఇట్స్ వాల్స్ (2018): ఏడేళ్ళ పిల్లకి చూపించొచ్చా? పుస్తకం చదివినవాళ్ళు కూడా రండి

గోదారిగట్టు:
ఈ శనివారం రాత్రి పిల్లల సినిమా. పెద్దాడికి పదకొండు, చిన్నదానికి ఏడు. పోస్టర్ మీద జాక్ బ్లాక్‌ని చూసి "కుంగ్ ఫూ పాండా అంకుల్" అని ఒకటే గోల. రేటింగ్ పీజీయే, అంటే పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చని. కానీ దర్శకుడు ఈలై రాత్ అని చూసి ఆగిపోయా. హాస్టల్ అనే రక్తపాతం హారర్ సినిమా తీసినాయన పిల్లల సినిమా తియ్యడమేంటండీ! చూసినవాళ్ళు చెప్పండి. కథ మొత్తం చెప్పేసినా నాకు ఇబ్బంది లేదు. ఎక్కడ కళ్ళు మూయించాలో ముందే తెలిస్తే మంచిది కదా.

రాత్రిబస్సు:
చూపించండి. పెద్దాడికి పండగే. చిన్నదాన్ని మీ పక్కనే కూర్చోబెట్టుకోండి.

కథ 1955లో జరుగుతుంది. లూయిస్‌కి పదేళ్ళు. అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోతే, మిషిగన్‌లో న్యూ జెబెడీ అనే ఊళ్ళో ఉండే అంకుల్ జోనాథన్ దగ్గరికి బస్సులో వస్తాడు. ఆయన కిమోనో వేసుకుని తిరిగే రకం. ఆ ఇంట్లో ఇన్నింటికే పడుకోవాలని లేదు, రాత్రి భోజనం బదులు చాక్లెట్ బిస్కెట్లు తిన్నా అడిగేవాళ్ళు లేరు. ఒక్క బీరువా మాత్రం తెరవకూడదు. ఎక్కడ చూసినా గడియారాలే. అర్ధరాత్రి ఆయన గొడ్డలి పట్టుకుని గోడల వెంట తచ్చాడుతుంటాడు. ఆ ఇంట్లో అంతకుముందు ఉన్న ఐజాక్ ఇజార్డ్ అనే మాంత్రికుడు గోడల్లో ఎక్కడో ఒక గడియారం దాచి చచ్చిపోయాడు. అది దేనికి మోగుతుందో తెలీదు. దాని టిక్ టిక్ చెవిన పడకుండా ఉండటానికే ఇంటినిండా మిగతా గడియారాలు. పక్కింట్లో మిసెస్ జిమ్మర్‌మన్ (కేట్ బ్లాంచెట్), ఊదారంగు బట్టలు తప్ప వేసుకోదు. ఆవిడ అసలు సిసలు మంత్రగత్తె. జోనాథన్‌ది మాత్రం ఓ మోస్తరు విద్యే.

ఇక బీరువా సంగతి. తెరవొద్దన్నారు కాబట్టి తెరుస్తాడు. అందులో దొరికిన మంత్రంతోనే ఐజాక్ సమాధిలోంచి లేస్తాడు.

ఓరుగల్లుపోరడు:
అక్కా, బొమ్మల సీను ఒక్కటి పైలం. ఒక అర్రల పాత మరబొమ్మలు కుప్పలు కుప్పలు ఉంటయ్. అన్నీ ఒక్కపారి తలకాయలు తిప్పి సూస్తయ్. మా తమ్ముని బిడ్డ గా సీనుల లేసి వంటింట్లకు ఉరికింది, మళ్ళ రానే రాలే. సమాధుల కాడ ఐజాక్ లేసే సీను గూడ గంతే, శవం మొఖమంత కుళ్ళి ఉంటది. ఈ రెండు దాటినంక మిగిలినయన్ని నవ్వులే.

సీమటపాకాయ్:
నవ్వులా? ఏం నవ్వులప్పా! తోటలో కత్తిరించిన పొదతో చేసిన రెక్కల సింహం ఉంటాది. అది వెనకనుంచి ఆకులు వదిలేదే జోకు. ఒకసారైతే సరే, మళ్ళీ మళ్ళీ అదే. ఆఖర్న గడియారం వెనక్కి తిరిగేటప్పుడు జాక్ బ్లాక్ మొహాన్ని పసిబిడ్డ ఒంటికి అతికించినారు సూడు, దానికన్నా మరబొమ్మలే నయం. రాత్రి నిద్దర పట్టలా నాకు.

గోదారిగట్టు:
మా పిల్లలు ఆకుల జోకుకే పడీ పడీ నవ్వుతారు, నాకు తెలుసు :)

పాత_చందమామ:
పుస్తకం గురించి అడిగారు కనుక కాస్త వివరంగా రాస్తాను.

జాన్ బెల్లేర్స్ నవల 1973లో వచ్చింది. బొమ్మలు ఎడ్వర్డ్ గోరీ వేశాడు. సన్నటి నల్లసిరా గీతలు కిక్కిరిసి ఉంటాయి, మనుషులు చిన్నగా, గోడలు పెద్దగా. అక్షరం చదవకముందే సగం భయం ఆ బొమ్మల్లోనే పుడుతుంది. నవలలో కాలం 1948. లూయిస్ బొద్దుగా ఉంటాడు, ఆటలు రావు, జట్లు పంచుకునేటప్పుడు ఎవరికీ అక్కర్లేని పిల్లవాడు. బడిలో అందరూ మెచ్చే టార్బీ, చెయ్యి విరిగి ఆటలకి దూరమైన కొన్నాళ్ళు మాత్రం వీడితో తిరుగుతాడు. ఆ చెయ్యి బాగుపడేకొద్దీ లూయిస్‌కి దిగులు. స్నేహం నిలుపుకోవడానికి జోనాథన్‌ని బతిమాలి పెరట్లోంచే చంద్రగ్రహణం పట్టిస్తాడు! చంద్రుణ్ణి ఆర్పి చూపించినా టార్బీ జారిపోతూనే ఉంటాడు. అప్పుడు పిల్లాడు నోరు జారతాడు, చచ్చినవాళ్ళని లేపుతానని. హేలోవీన్ (అక్టోబరు చివర వచ్చే దెయ్యాల పండగ) రాత్రి సమాధుల తోటకి వెళ్ళడం అందుకే. దెయ్యం కథలోకి దెయ్యం వచ్చేదాకా మనం చదివేది ఒక ఒంటరి పిల్లవాడి కథే. నవల బలమంతా అక్కడుంది.

నవలలో లేచేది ఐజాక్ కాదు, అతని భార్య. ఆ తర్వాత ఏ రాక్షసుడూ ఎదురుగా వచ్చి నిలబడడు. ఎదురింట్లోకి ఎవరో ముసలావిడ దిగుతుంది, అంతే. ఒక రాత్రి ముగ్గురూ కారులో వెళుతుంటే వెనక రెండు హెడ్‌లైట్లు కనబడతాయి. మలుపు తిరిగితే అవీ తిరుగుతాయి, వేగం పెంచితే అవీ పెంచుతాయి. వాగు మీది ఇనప వంతెన దాటేదాకా వదలవు. కారులో ఎవరున్నారో చూపించడు రచయిత.

సినిమాలో ఆ హెడ్‌లైట్లు తీసేశారు. వాటికి బదులు గుమ్మడికాయలు నోట్లోంచి గుజ్జు కక్కుతాయి.

ఓరుగల్లుపోరడు:
గుమ్మడికాయల ఫైటు మంచిగనే ఉండె కదా సార్ :(

రాత్రిబస్సు:
పాత_చందమామ గారూ, హెడ్‌లైట్ల దాకా మీతోనే ఉన్నా. కానీ సినిమా కొత్తగా చేర్చినదాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు.

నవలలో మిసెస్ జిమ్మర్‌మన్ జర్మనీలో గొట్టింగెన్ యూనివర్సిటీలో మంత్రవిద్యలో డాక్టరేట్ చేసిన మనిషి. చమత్కారంగానే ఉంటుంది. సినిమావాళ్ళు దాన్ని చమత్కారంగా వదిలెయ్యలేదు. యూరప్‌లో మంత్రాలు నేర్చిన ఆడమనిషి యుద్ధం పదేళ్ళు దాటాక అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో ఒంటరిగా ఎందుకుంది అని అడిగారు. భర్తా, కూతురూ పోయారు. అప్పట్నించి ఆవిడ చేతిలో మంత్రం సరిగా పలకదు. ముంజేతి మీద అంకెల పచ్చబొట్టు ఒక్క క్షణం కనబడుతుంది. నాజీ క్యాంపుల్లో ఖైదీలకి పొడిచిన నంబర్లు అవి. ఎవరూ ఏమీ మాట్లాడరు, కెమెరా కూడా అక్కడ ఆగదు. మా వాడు రిమోట్ లాక్కుని పాజ్ చేసి "ఆవిడ చేతికి ఆ నంబరేంటి?" అన్నాడు. ఆ రాత్రి సినిమా మధ్యలోనే ఆపేసి చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఐజాక్‌దీ అదే యుద్ధం. సైనికుడిగా వెళ్ళి, చూడకూడనివన్నీ చూసి, మనుషుల మీద నమ్మకం పోయి తిరిగొచ్చాడు. వాడి గడియారం ప్రపంచాన్ని పేల్చెయ్యదు, కాలాన్ని వెనక్కి తిప్పుతుంది, మనుషులే పుట్టకముందుకి. ఒకే యుద్ధం ఇద్దర్నీ విరగ్గొట్టింది. ఒకడు మనుషులే వద్దన్నాడు. ఆవిడ పక్కింటి కుర్రాడి కోసం తన మంత్రదండం లాంటి గొడుగు మళ్ళీ చేతబట్టింది. పిల్లల సినిమాలో ఇంత పెట్టడం చిన్న సంగతి కాదు.

పాత_చందమామ:
పెట్టారు, నిజమే. అయితే ఆ అంకెలు కనబడిన సినిమాలోనే సింహం ఆకుల జోకూ ఉంది. ఒకదాని పక్కన ఒకటి నాకు పొసగలేదు. బ్లాంచెట్ నటన వల్ల నిలబడింది కానీ, రాతలో ఆ బరువు లేదు.

నిర్వాహకుడు:
కథ మొత్తం బయటపడుతోంది కాబట్టి శీర్షిక పక్కన హెచ్చరిక తగిలించాను. కొనసాగించండి.

మిడ్‌వెస్ట్_మూర్తి:
డెట్రాయిట్ వైపు ఉండే మనవాళ్ళలో చాలామందికి ఆ ఇల్లు తెలియకుండానే తెలుసు. ఐ-94 హైవే మీద షికాగో వెళ్ళేటప్పుడు బ్యాటిల్ క్రీక్ కన్నా ముందు మార్షల్ అనే ఊరు తగులుతుంది. బెల్లేర్స్ 1938లో అక్కడే పుట్టాడు. న్యూ జెబెడీ అంటే మార్షలే, పేరు మార్చాడంతే. అక్కడ క్రోనిన్ హౌస్ అని పందొమ్మిదో శతాబ్దపు భవనం ఉంది, ఇటుక కట్టడం, మీద పొడుగాటి బురుజు. ఆయన చిన్నప్పుడు దాని ముందునుంచి నడిచేవాడు, నవలలో ఇల్లు అదే అంటారు. లోపలికి పోనివ్వరు, ఎవరిదో సొంత ఇల్లు. ఫుట్‌పాత్ మీద నుంచి చూసుకుని రావడమే.

ఊరికి ఇంకో కథ కూడా ఉంది. మిషిగన్ రాజధాని తమకే వస్తుందని అక్కడి పెద్దలు గట్టిగా నమ్మారు. 1847లో అది లాన్సింగ్‌కి పోయింది. పెద్ద పెద్ద ఇళ్ళు మాత్రం మిగిలాయి. వీధిలో నడుస్తుంటే ఊరికి మించిన ఇళ్ళు అనిపిస్తాయి. బెల్లేర్స్ కథలకి ఆ వీధులే సగం సామగ్రి.

అన్నిటికన్నా నాకు నచ్చింది: అదే ఊళ్ళో అమెరికన్ మ్యూజియం ఆఫ్ మ్యాజిక్ ఉంది. పాత గారడీవాళ్ళ పెట్టెలు, పోస్టర్లు. కానీ అది 1978లో తెరిచారు, నవల వచ్చిన ఐదేళ్ళకి. నవల చూసి పెట్టిందేం కాదు. ఆ చుట్టుపక్కలే గారడీకి పేరు. దక్షిణంగా కొంచెం దూరం వెళితే కోలన్ అనే ఊరు. హ్యారీ బ్లాక్‌స్టోన్ అనే పెద్ద మెజీషియన్ అక్కడ స్థిరపడ్డాడు. 1934 నుంచి అబ్బాట్స్ అని మ్యాజిక్ సామాన్లు తయారుచేసే కంపెనీ అక్కడే ఉంది. అంటే బెల్లేర్స్ పుట్టి పెరిగిన చోట "మా పక్కింటాయన మాంత్రికుడు" అన్నా ఎవరూ కంగారుపడరు.

గోదారిగట్టు:
మూర్తిగారూ ఇది చదివాక మా పెద్దాడు మ్యాపు తీశాడు. సినిమా కూడా అక్కడే తీశారా?

పీచ్‌ట్రీ_పద్మ:
లేదండీ, మా జార్జియాలో తీశారు. అట్లాంటాకి నైరుతిగా గంట దూరంలో న్యూనన్ అనే ఊరు. మధ్యలో పాత కోర్టు భవనం, చుట్టూ చదరంగా దుకాణాలు. ఆ చదరానికి 1955 నాటి బోర్డులు తగిలించి, పాత కార్లు నిలబెడితే మిషిగన్ అయిపోయింది. ఇక్కడ షూటింగ్ చేస్తే ప్రభుత్వం ఖర్చులో 30 శాతం దాకా పన్ను రాయితీ ఇస్తుంది, అందుకే హాలీవుడ్ సగం ఇక్కడే. మొత్తం ఖర్చు సుమారు 4.2 కోట్ల డాలర్లని చదివాను. ఆ మంత్రాలకీ, ఆ తారలకీ అది తక్కువే. వసూళ్ళు ప్రపంచవ్యాప్తంగా 13 కోట్లు దాటాయి.

సీమటపాకాయ్:
13 కోట్లొచ్చినా రెండో భాగం రాలేదే మరి?

పీచ్‌ట్రీ_పద్మ:
అదే నాకూ అర్థం కాదు. పుస్తకాలు మాత్రం ఉన్నాయి. ది ఫిగర్ ఇన్ ద షాడోస్ 1975లో, ది లెటర్, ద విచ్ అండ్ ద రింగ్ 1976లో వచ్చాయి. 1991లో బెల్లేర్స్ పోయాక బ్రాడ్ స్ట్రిక్‌లాండ్ కొనసాగించాడు.

చిట్టితాళం:
రేటింగ్ మాటెత్తారు కాబట్టి. ఈ సినిమా స్పీల్‌బర్గ్ కంపెనీ యాంబ్లిన్‌ది. 1984లో వాళ్ళు గ్రెమ్లిన్స్ తీసినప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళిన తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. అదే వేసవిలో స్పీల్‌బర్గ్ దర్శకత్వంలో ఇండియానా జోన్స్ రెండో భాగం వచ్చింది. మన అమ్రీష్ పురి మోలారామ్‌గా మనిషి గుండె చేత్తో పీకేస్తాడు చూడండి, అదే. రెండూ పీజీ రేటింగ్‌తోనే వచ్చాయి. ఆ గొడవకే ఆ ఏడాది జులైలో పీజీ-13 (పదమూడేళ్ళలోపు పిల్లలకి తగకపోవచ్చనే రేటింగ్) పుట్టింది. అంచేత యాంబ్లిన్ పీజీ అంటే ఒక మెట్టు పైనే లెక్క వేసుకోండి. ఈలై రాత్ కూడా ఆ కాలం సినిమాలు చూసి పెరిగినవాడే, ఆ పాత లెక్కలోనే తీశాడు. రక్తం లేదు, పురుగులూ కుళ్ళూ ఉన్నాయి.

వేపచెట్టునీడ:
ఇంట్లో కుర్చీ పెంపుడు కుక్కలా తోకాడించి కాళ్ళ దగ్గరికి వస్తుంది, రంగు అద్దాల కిటికీలో బొమ్మ చూసినప్పుడల్లా మారిపోతుంది. అందరూ ఆహా అంటున్నారు. 1957లోనే మాయాబజార్‌లో తల్పానికి పోటీగా గిల్పం, కంబళికి పోటీగా గింబళి దింపాం కదా! అవి శర్మ, శాస్త్రుల్ని ఆడుకున్నట్టు ఈ కుర్చీ ఎవర్నీ ఆడుకోలేదు.

ఓరుగల్లుపోరడు:
గిల్పం అంటే గిల్పమే అన్నా. గానికి సీజీ గిట్ల ఏం లేకుండె.

పాత_చందమామ:
వేపచెట్టుగారి మాటలో విషయముంది. గింబళి అల్లరి చేసేది ఎవరి మీదో, ఎందుకో మనకు ముందే తెలుసు, అందుకే నవ్వు. ఇక్కడ కుర్చీ ముద్దుగా ఉంది, అంతే, దానికి కథలో పని లేదు. పని ఉన్న వస్తువు ఒక్కటే, లూయిస్ చేతిలోని మ్యాజిక్ ఎయిట్ బాల్. ఊపి ప్రశ్న అడిగితే జవాబు తేలే ప్లాస్టిక్ బంతి, అమెరికాలో బొమ్మల కొట్లో దొరికేది. అమ్మానాన్నలు ఇచ్చింది. దాన్ని వదల్లేక వదల్లేక చివరికి గడియారం పళ్ళచక్రాల మధ్య వాడే పడేస్తాడు. అది మాత్రం బాగా రాశారు, ఒప్పుకుంటాను.

సర్వలఘువు:
ఎవరూ సంగీతం మాట ఎత్తలేదు! నేథన్ బార్ చేశాడు. ఆ బరువైన ఆర్గన్ మోత కంప్యూటర్‌లోంచి వచ్చింది కాదు. ఫాక్స్ స్టూడియోలో 1928లో బిగించిన వర్లిట్జర్ కంపెనీ గొట్టాల ఆర్గన్ ఒకటి ఉండేది, గొట్టాలు వెయ్యికి పైనే. దశాబ్దాలపాటు అక్కడి సినిమాల్లో మోగింది. స్టూడియో వదిలేశాక చేతులు మారి మూలపడితే బార్ కొని, ఏళ్ళ తరబడి బాగుచేయించి, దానికోసం తన స్టూడియోలో గది కట్టించాడు. బాగుపడ్డాక అది మోగిన తొలి సినిమా ఇదే. హెడ్‌ఫోన్స్‌లో ఇల్లు మొదటిసారి కనబడే ఘట్టం వినండి. అడుగు స్వరాలు ఒంటికి తగులుతాయి.

అత్తారిల్లు:
నాకో సందేహం. జోనాథనూ జిమ్మర్‌మనూ రోజూ ఒకే ఇంట్లో, ఒకే టేబుల్ దగ్గర, నోరు తెరిస్తే ఒకర్నొకరు తిట్టుకోవడం. ఈవిడ "గడ్డం వింతమనిషీ" అన్న ధోరణిలో, ఆయన "ముసలి మంత్రగత్తే" అన్న ధోరణిలో. మరి పెళ్ళి ఎందుకు చేసుకోలేదు? చివరిదాకా ఎదురుచూశా.

రాత్రిబస్సు:
చెయ్యకపోవడమే బాగుంది. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక మగ, ఒక ఆడ, కేవలం స్నేహం. మన సినిమాలో ఇలా ఎప్పుడైనా వదిలేశారా? రెండో పాటకల్లా స్విట్జర్లాండ్‌లో ఉండేవాళ్ళు.

నాకు బాగా నచ్చిన చోటు కూడా వాళ్ళదే. ఇంట్లో పరిస్థితి చెయ్యి దాటాక జోనాథన్ కుర్రాణ్ణి ఇంకెక్కడికైనా పంపేద్దామంటాడు. వాడి మంచికే అంటాడు, అసలు కారణం భయం. పిల్లాణ్ణి తనే పాడుచేస్తానేమోనని. అప్పుడు జిమ్మర్‌మన్ చీవాట్లు పెడుతుంది, కూతుర్ని పోగొట్టుకున్న మనిషి. జాక్ బ్లాక్ కనుబొమ్మలు ఆడించడం మానేసి ఊరికే నిలబడి వింటాడు. సినిమా మొత్తంలో ఆయన నటించింది అక్కడే. సంరక్షకుడంటే అన్నీ తెలిసిన పెద్దమనిషి కాదు, ఒంటరిగా బతకడం అలవాటైపోయి, ఇప్పుడు ఏడ్చే పిల్లాడి గది గుమ్మం దగ్గర లోపలికి వెళ్ళాలా వద్దా అని నిలబడిన మనిషి. కిమోనో, గడియారాలు అన్నీ తీసేసినా ఈ ఇద్దరి వాగ్వాదం కోసం చూడొచ్చు.

పాత_చందమామ:
నవలలో జోనాథన్‌కి ఆ భయమే లేదు. మొదటి రోజు నుంచీ పిల్లాడితో పేకాట ఆడే మనిషి. ఎర్రగడ్డం, బానపొట్ట. నాకు ఆయనే ఇష్టం. సినిమాలో అందరికీ ఏదో ఒక గాయం ఉండి తీరాలి, ఇప్పటి పద్ధతి.

రాత్రిబస్సు:
గాయం లేనివాడికి అంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందండీ?

పాత_చందమామ:
స్వభావం. కొందరు ఊరికే మంచివాళ్ళు ఉంటారు. పిల్లలకి ఆ సంగతి కూడా తెలియాలి.

అత్తారిల్లు:
ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినేలా లేరు, నాకు మాత్రం భలే కాలక్షేపం :)

చిట్టితాళం:
ఒక చిన్న విషయం. స్క్రీన్‌ప్లే రాసింది ఎరిక్ క్రిప్కే. 2005లో మొదలైన సూపర్‌నేచురల్ సీరియల్ సృష్టికర్త ఆయనే, ఆ తర్వాత వచ్చిన ది బాయ్స్ కూడా ఆయనదే. ఐజాక్‌కి యుద్ధకాలంలో అడవిలో ఎదురై మంత్రగ్రంథం ఇచ్చే దుష్టశక్తి పేరు గుర్తుందా? అజజేల్. సూపర్‌నేచురల్ మొదటి సీజన్లలో పసుపు కళ్ళ విలన్ పేరూ అజజేల్.

సీమటపాకాయ్:
అంటే పదమూడేండ్లకి అదే దెయ్యానికి ఇంకో ఉద్యోగం ఇచ్చినాడు. నమ్మకస్తుడప్పా.

ఓరుగల్లుపోరడు:
చిట్టితాళం అన్నా, సూపర్‌నేచురల్ ఎన్ని సీజన్లు? ఒక్కటి సూడకపోయినా సమజైతదా?

చిట్టితాళం:
పదిహేను. మొదటి ఐదు చూస్తే చాలు, క్రిప్కే నడిపించినవి అవే. వేరే చర్చ తెరువు తమ్ముడూ, అక్కడ చెప్తా.